బార్ కౌంటర్ మీద బ్రాండ్ వస్తువులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పబ్‌లలో పానీయాల ప్రచారం కోసం కౌంటర్ మీద పెట్టే వస్తువుల గురించే ఉన్నాయి. రాసినవారిలో కొందరు పానీయాల సంస్థల్లో పనిచేసేవారు, కొందరు పబ్ నడిపేవారు, ఒకరు డిజైనర్. వస్తువు ఒకటే అయినా దానిని ఇచ్చేవారికీ, వాడేవారికీ, గీసేవారికీ అది వేర్వేరుగా కనిపిస్తుంది కాబట్టి, ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఒక పానీయాల సంస్థ ప్రచార విభాగంలో కొత్తగా చేరాను. రాబోయే సీజన్‌లో సుమారు రెండు వందల పబ్‌లకు మా బ్రాండ్ పేరు వేసిన కౌంటర్ సామగ్రి పంపాలని నిర్ణయించి, ఏవి పంపాలో తేల్చే పని నాకు అప్పగించారు. తయారీదారు పంపిన క్యాటలాగ్‌లో బార్ రన్నర్లు (కౌంటర్ మీద పొడవుగా పరిచే మ్యాట్లు), కోస్టర్లు (గ్లాసు కింద పెట్టే అట్టలు), తువ్వాళ్లు, ఐస్ బకెట్లు, టిష్యూలూ స్ట్రాలూ పెట్టుకునే డబ్బాలు, లైట్లు వెలిగే స్టాండ్లు ఉన్నాయి. అన్నీ కొనేంత బడ్జెట్ లేదు. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు ఆ క్యాటలాగ్‌ను పక్కన పెట్టి, మీరు సామగ్రి పంపబోయే పబ్‌లలో రెండు మూడింటికి, జనం కిటకిటలాడే రాత్రి వేళ వెళ్లి, కౌంటర్ దగ్గర ఒక గంటసేపు కూర్చుని చూడండి. మీ కళ్లకు అది ప్రచారానికి అనువైన ఖాళీ స్థలంగా కనిపించవచ్చు గానీ, బార్‌టెండర్‌కు అది పని చేసుకునే బల్ల. అక్కడే గ్లాసు నింపాలి, అక్కడే ఒలికినది తుడవాలి, అక్కడే డబ్బు తీసుకోవాలి, అక్కడే ఖాళీ గ్లాసులు వెనక్కి తీసుకోవాలి. అతని చేతికి అడ్డం వచ్చే వస్తువు ఎంత అందమైనదైనా, మీ ప్రతినిధి గుమ్మం దాటగానే కౌంటర్ కిందికి వెళ్లిపోతుంది. అతని పనిలో ఏదో ఒక చిన్న ఇబ్బందిని తీర్చే వస్తువైతే, దాని మీద ఎవరి పేరు ఉందో పట్టించుకోకుండా రోజూ తనే తీసి పరుస్తాడు. పబ్‌లలో మిగిలే వస్తువులకూ మాయమయ్యే వస్తువులకూ ఉన్న తేడా నాకు తెలిసినంతవరకు ఇదొక్కటే.

ఈ లెక్కన చూస్తే బార్ రన్నర్‌కు మొదటి స్థానం ఇస్తాను. ఒలికిన పానీయాన్ని పీల్చుకుంటుంది, తడి గ్లాసు జారకుండా పట్టి ఉంచుతుంది, గ్లాసు ఆనినప్పుడు చప్పుడు తగ్గిస్తుంది. పైగా డబ్బు ఇచ్చే చేయి, గ్లాసు అందుకునే చేయి దాని మీదుగానే వెళ్తాయి కాబట్టి, ఏం తాగాలో ఇంకా తేల్చుకోని మనిషి కళ్ల ముందు అది సరిగ్గా ఆ క్షణంలో ఉంటుంది. సాధారణంగా ఇవి ముప్పావు మీటరు నుంచి మీటరు వరకు పొడవు, పావు మీటరు వెడల్పు ఉంటాయి. ఆర్డర్ ఇచ్చే ముందు కౌంటర్ అంచుకూ ట్యాప్‌ల కింద ఉండే డ్రిప్ ట్రేకూ మధ్య ఎంత చోటు ఉందో నాలుగైదు పబ్‌లలో టేపు పెట్టి కొలవండి. ఇరవై సెంటీమీటర్ల చోటులో ఇరవై అయిదు సెంటీమీటర్ల రన్నర్ పట్టదు, మడత పెడితే మీ పేరులో సగం మడతలోకి పోతుంది. ఇంత చిన్న విషయం ఎవరు మరిచిపోతారని మీకు అనిపించవచ్చు. మరిచిపోయి అచ్చు వేయించిన రన్నర్ల కట్టలను గిడ్డంగిలో నేను చూశాను.

రెండవది కోస్టర్. అది మన్నే వస్తువు కాదు, ఖర్చయిపోయే వస్తువు. కాబట్టి ఒకసారి పంపి చేతులు దులుపుకునే వీలు లేదు. కోస్టర్లు ఎంచుకుంటే సీజన్ అంతా సరఫరా చేయడానికి సిద్ధపడండి, లేకపోతే అసలు మొదలుపెట్టకండి. మొదటి పక్షం రోజుల్లో మీ కోస్టర్లు అయిపోయిన చోట మరునాటి నుంచి పోటీదారువి కనిపిస్తాయి.

ఐస్ బకెట్ విషయంలో ఒక్క మాట. ఒంటి గోడ ఉన్న స్టీలు బకెట్‌లో ఐస్ వేయగానే బయటివైపు నీటి చెమట పట్టి బల్ల తడుస్తుంది. రెండు గోడల మధ్య గాలి ఉండే రకానికి ఆ బాధ దాదాపు ఉండదు, ఐస్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. తక్కువ సంఖ్యలో కొన్నా ఆ రెండో రకమే కొనండి. పేరు కూడా రంగుతో అచ్చు వేయించడం కంటే లేజర్‌తో చెక్కించడం మేలు, ఎందుకంటే గిన్నెలు కడిగే యంత్రంలోని వేడికీ ఘాటైన సబ్బుకూ పైపూత రంగు కొన్నాళ్లలో లేచిపోతుంది. సగం చెరిగిన బ్రాండ్ పేరు కంటే పేరే లేని బకెట్ నయం.

లైట్లు వెలిగే స్టాండ్లు ఫొటోలో బాగుంటాయి. వాటిని పంపేటప్పుడు ప్లగ్గు పెట్టే చోటు కౌంటర్ మీద ఉందా, బ్యాటరీ అయితే మార్చేది ఎవరు అన్నది తేల్చుకోండి. స్టాండ్ ఇచ్చి బ్యాటరీ ఇవ్వకపోవడం ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టే ఉంటుంది. ఆరిపోయిన స్టాండ్ మీ బ్రాండ్ గురించి ఏం చెబుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా పబ్ కౌంటర్ చెక్కతో చేసి వార్నిష్ వేయించినది. ఒక సంస్థ ఇచ్చిన మెత్తని ప్లాస్టిక్ మ్యాట్‌ను కొన్ని నెలలపాటు ఒకేచోట ఉంచాము. ఈమధ్య తీయబోతే అది అంటుకుపోయి, కింద వార్నిష్ మెత్తబడి మచ్చ పడింది. వేడి వస్తువులు ఏవీ దాని మీద పెట్టలేదు. ఇలా ఎందుకు జరిగింది? రబ్బరు మ్యాట్ అయితే ఫరవాలేదా?

జవాబు: తప్పు వేడిది కాదు, ఆ ప్లాస్టిక్‌ది. ఇలాంటి మ్యాట్లకు వాడే పీవీసీ అనే ప్లాస్టిక్ స్వభావం గట్టిదనం. దానిని మెత్తగా, వంగేలా చేయడానికి తయారీలో ప్లాస్టిసైజర్ అనే నూనె వంటి పదార్థాన్ని కలుపుతారు. అది ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండదు కాబట్టి, కాలం గడిచేకొద్దీ మెల్లగా పైకి వచ్చి, తనను తాకి ఉన్న మరో పూతలోకి చేరుతుంది. కొన్ని రకాల వార్నిష్‌లు, ముఖ్యంగా నైట్రోసెల్యులోజ్ లాకర్, ఆ పదార్థాన్ని పీల్చుకుని మెత్తబడి జిగురుగా మారతాయి. మ్యాట్ కదలకుండా నెలల తరబడి ఉండడం, మీద గ్లాసుల బరువు ఉండడం ఈ పనికి తోడ్పడ్డాయి.

రబ్బరు అడుగు ఉన్న రన్నర్లలో సాధారణంగా నైట్రైల్ రబ్బరు వాడతారు. అది నూనెకు తట్టుకుంటుంది, తడి బల్ల మీద బాగా పట్టు ఇస్తుంది, అంటుకునే బాధ తక్కువ. అయినా కొన్ని రకాల రబ్బరు కూడా లేత రంగు ఉపరితలాల మీద మచ్చ వేయగలదు కాబట్టి, ఏదైనా సరే రాత్రి పబ్ మూసేటప్పుడు ఎత్తి, కడిగి, వేలాడదీసి ఆరబెట్టి, కౌంటర్ ఆరిన తర్వాతే మళ్లీ పరచండి. శుభ్రత దృష్ట్యా కూడా ఇది తప్పదు. చక్కెర ఉన్న పానీయాలు ఒలికి, మ్యాట్ కింద చేరి, రాత్రంతా తడిగా ఉంటే వాసనా ఈగలూ రెండూ వస్తాయి. పైభాగాన ఉండే చిన్న చిన్న బొడిపెల మధ్య ఒలికినదాన్ని పట్టి ఉంచే మ్యాట్లు గ్లాసులు నింపే చోట చాలా ఉపయోగమే గానీ, వాటిలోని నీటిని పారబోయడం మరిచిపోతే అవి చిన్న చెరువులవుతాయి.

మీ కౌంటర్‌కు పడిన మచ్చ తుడిస్తే పోయేది కాదు. మెత్తబడిన పూతను గీకి మళ్లీ వార్నిష్ వేయించాలి. ఈసారి పాలీయూరిథేన్ రకం పూత వేయించుకుంటే ఇలాంటి వాటికి ఎక్కువ తట్టుకుంటుంది.

ప్రశ్న: నేను డిజైనర్‌ను. ఒక బీరు సంస్థకు కోస్టర్ గీసి ఇచ్చాను. తెర మీద అందరికీ నచ్చింది. పబ్‌లో చూస్తే మాత్రం అసలు బ్రాండ్ కనిపించడం లేదని అంటున్నారు. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: మీ డిజైన్ నేను చూడలేదు గానీ, లోగో కోస్టర్ నడిమధ్యలో ఉందని ఊహిస్తున్నాను. కోస్టర్ పక్క కొలత సాధారణంగా 93 మిల్లీమీటర్లు. పెద్ద గ్లాసు అడుగు సుమారు 60 మిల్లీమీటర్లు అనుకుంటే, చుట్టూ మిగిలేది 16 మిల్లీమీటర్ల అంచు మాత్రమే. పానీయం తాగుతున్నంతసేపు కనిపించేది ఆ అంచే. గ్లాసు ఎత్తిన ఆ రెండు మూడు క్షణాలే మధ్య భాగం బయటపడుతుంది. అందువల్ల బ్రాండ్ పేరు అంచు చుట్టూ, కనీసం రెండు వైపులా చదవగలిగేలా ఉండాలి. మధ్య భాగాన్ని గ్లాసు ఎత్తినప్పుడు చిన్న నవ్వు పుట్టించే బొమ్మకో, ప్రశ్నకో వదిలేయవచ్చు. ఆ బొమ్మ చూడడానికి మనిషి మళ్లీ గ్లాసు ఎత్తితే మీ పని సఫలమైనట్టే.

ఈ వస్తువు పుట్టుక గుర్తుంటే డిజైన్‌లో మరికొన్ని తప్పులు తగ్గుతాయి. జర్మనీలోని డ్రెస్డెన్‌కు చెందిన రాబర్ట్ స్పుత్ 1892లో చెక్క గుజ్జుతో బీరు కోస్టర్ తయారుచేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. అతని కోస్టర్ 107 మిల్లీమీటర్ల వ్యాసంతో, 5 మిల్లీమీటర్ల మందంతో ఉండేది. ఇప్పటివి ఒకటిన్నర మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటాయి. మందం తగ్గినా పని మారలేదు. నీటిని పీల్చుకోవడమే దాని ఉద్యోగం, ప్రచారం ఆ తర్వాత వచ్చి చేరింది. కాబట్టి మెరుపు కోసం పైన గట్టి వార్నిష్ పూత వేయించకండి. అలా చేస్తే నీరు పైనే నిలిచి, కోస్టర్ గ్లాసు అడుగుకు అంటుకుని, ఎత్తినప్పుడు పైకి లేచి ఒడిలో పడుతుంది. అలాంటి కోస్టర్ మీద పేరు ఉండడం ఏ బ్రాండ్‌కూ మంచిది కాదు.

ముద్రణకు పంపేటప్పుడు రంగును అంచుల బయటికి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా పొడిగించండి, ముఖ్యమైన అక్షరాలను అంచుకు మరీ దగ్గరగా పెట్టకండి. కోత కాస్త పక్కకు జరిగినా తేడా తెలియకూడదు. క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటే, ఫోన్ పట్టుకునే దూరంలో పదో వంతు పరిమాణం ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే ఇరవై సెంటీమీటర్ల దూరానికి రెండు సెంటీమీటర్లు. అయితే పబ్‌లోని మసక వెలుతురుకు ఇంకాస్త పెద్దదిగా, తెలుపు మీద నలుపులోనే ఉంచండి. గ్లాసు తడి తగలని వెనక వైపు దానికి సరైన చోటు.

ప్రశ్న: మేము ఆమోదించిన శాంపిల్‌లో ముదురు ఎరుపు బాగా వచ్చింది. పబ్‌లో పరచిన తర్వాత అదే రన్నర్ గోధుమ రంగులా కనిపిస్తోంది. తువ్వాళ్ల మీద అక్షరాలు కూడా అలికినట్టు వచ్చాయి. తయారీదారు మోసం చేశాడా?

జవాబు: మోసం అనడానికి ముందు శాంపిల్‌ను ఏ వెలుతురులో చూశారో గుర్తు చేసుకోండి. పగటి వెలుతురులో ఒకేలా ఉన్న రెండు రంగులు పసుపు బల్బు కింద వేరుగా కనిపించడం మామూలే. వెలుతురు బాగా తగ్గినచోట మన కన్ను ఎరుపును మరింత నల్లగా చూస్తుంది. కాబట్టి శాంపిల్‌ను ఆఫీసు కిటికీ దగ్గర కాదు, సాయంత్రం పబ్ కౌంటర్ మీద పరచి, మూడు మీటర్ల దూరం నుంచి చూసి ఆమోదించాలి. అంత దూరం నుంచి సులభంగా చదవాలంటే అక్షరం ఎత్తు సుమారు 25 మిల్లీమీటర్లు ఉండాలి. రంగును మాటల్లో చెప్పకుండా ప్యాంటోన్ సంఖ్యతో (ముద్రణలో ఒక్కో రంగుకు ఇచ్చే ప్రామాణిక సంఖ్యతో) చెప్పండి. అయినా వస్త్రం మీద అది కాగితం మీద వచ్చినట్టే వస్తుందని ఆశపడకండి.

తువ్వాళ్ల సంగతి వేరు. రన్నర్ల పైభాగం సాధారణంగా పాలిస్టర్. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో సిరా ఆవిరై పాలిస్టర్ పోగులలోకి చొచ్చుకుపోతుంది కాబట్టి ఫొటో వంటి సన్నని వివరాలు కూడా నిలుస్తాయి, ఉతికినా పోవు. తువ్వాలు నూలుది. నూలును ఆ సిరా పట్టుకోదు. పైగా తువ్వాలు మీద లేచి ఉండే నూలు ఉచ్చులు సన్నని గీతలను మింగేస్తాయి. తువ్వాలు కావాలంటే లోగోను రెండు మూడు రంగులకు తగ్గించి, అక్షరాలను లావుగా చేసి, వీలైతే అచ్చు కాకుండా నేతలోనే తెప్పించండి. మీ లోగో అలా తగ్గడానికి ఒప్పుకోకపోతే తువ్వాలు ఆలోచన మానుకోవడం మంచిది.

అక్షరాలు లేకుండానే గుర్తుపట్టగల ఆకారం ఉంటే ఈ బాధలన్నీ సగమవుతాయి. 1876 జనవరి 1న బ్రిటన్‌లో మొదటి ట్రేడ్‌మార్కుగా నమోదైన బాస్ బీరు ఎర్ర త్రిభుజం అలాంటిది. ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్వర్ మానే 1882లో పూర్తిచేసిన ఫోలీ బెర్జేర్ బార్ చిత్రంలో కౌంటర్ మీద ఉన్న సీసాలను చూస్తే, లేబుల్ చదవకుండానే ఆ త్రిభుజంతో అవి ఎవరివో తెలిసిపోతాయి.

ప్రశ్న: మా చిన్న పబ్‌లో నాలుగు సంస్థలవారు ఇచ్చిన మ్యాట్లు, స్టాండ్లు, డబ్బాలతో కౌంటర్ నిండిపోయింది. వద్దంటే నొచ్చుకుంటారేమో, సరుకు ఆలస్యం చేస్తారేమో అన్న సంకోచం ఉంది. ఎలా చెప్పాలి?

జవాబు: మొహమాటం వద్దు. ఆ కౌంటర్ మీ సొంతం, అక్కడి ప్రతి జానెడు చోటుకూ విలువ ఉంది. ఏయే చోట ఏ వస్తువు ఉండాలో ముందుగా మీరే ఒక కాగితం మీద గీసుకోండి. గ్లాసులు నింపే చోట ఒకే మ్యాట్, డబ్బు తీసుకునే చోట ఏమీ ఉండకూడదు, టిష్యూల డబ్బా రెండు చాలు. ఆ తర్వాత వచ్చే ప్రతి ప్రతినిధికీ ఆ కాగితం చూపించి, ఈ మూడు నెలలు ఫలానావారి వంతు, తర్వాత మీ వంతు అని చెప్పండి. ఈ పనిలో చాలాకాలం ఉన్న ప్రతినిధులు దీనికి నొచ్చుకోరు. నాలుగు పేర్ల గుంపులో ఒకటిగా సీజన్ అంతా ఉండడం కంటే, మూడు నెలలు ఒంటరిగా కనిపించడం తమకే లాభమని వారికి తెలుసు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఈ వస్తువులు ఇచ్చినందుకు పోటీ సంస్థల పానీయాలు అమ్మకూడదని ఎవరైనా షరతు పెడితే వెంటనే ఒప్పుకోకండి. పానీయాల తయారీదారు అమ్మేవారికి ఉచితంగా ఏమి ఇవ్వవచ్చు, బదులుగా ఏమి కోరకూడదు అన్నదాని మీద చాలా దేశాల్లో చట్టాలు ఉన్నాయి. మద్యం ప్రచారం మీద ఆంక్షలు ఉన్నచోట పబ్ లోపలి వస్తువు కూడా ప్రచారం కిందికే రావచ్చు. లైసెన్సు షరతులు చదివిన మనిషిని ఒకసారి అడిగి, ఇచ్చిపుచ్చుకునేది కాగితం మీద పెట్టుకోండి. వస్తువు పాడైతే ఎవరు మారుస్తారో, సీజన్ అయిన తర్వాత ఎవరు తీసుకువెళ్తారో కూడా అందులోనే రాయించండి. అది రాయించుకోకపోతే చిరిగిన పాత మ్యాట్లను పారవేసే పని చివరికి మీ మీదే పడుతుంది.

ప్రశ్న: కౌంటర్ సామగ్రి వల్ల అమ్మకాలు నిజంగా పెరిగాయో లేదో ఎలా తెలుసుకోవాలి? మా పై అధికారులు అంకెలు అడుగుతున్నారు.

జవాబు: సామగ్రి పంచిన తర్వాత అడిగితే జవాబు దొరకదు, పంచే ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఒకే స్థాయి పబ్‌లను జతలుగా ఎంచి, ప్రతి జతలో ఒకదానికి సామగ్రి ఇవ్వండి, రెండో దానికి ఇవ్వకండి. ఎవరికి ఇవ్వాలన్నది మీ ఇష్టానికి కాకుండా చీటీ తీసి నిర్ణయించండి, లేకపోతే మీ ప్రతినిధి తనకు అనుకూలమైన, అప్పటికే బాగా అమ్మే పబ్‌లకే ఇచ్చి వస్తాడు. ముందు నాలుగు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు అమ్మకం చూసి, సామగ్రి ఉన్నచోట వచ్చిన మార్పులో నుంచి లేనిచోట వచ్చిన మార్పును తీసివేయండి. లేనిచోట నూటికి 4 పెరిగి, ఉన్నచోట 9 పెరిగితే మీ సామగ్రి చేసినది 5 అనుకోవాలి. ఎండాకాలం వల్లో, ఆటల పోటీల వల్లో వచ్చిన పెరుగుదల రెండు చోట్లా ఉంటుంది కాబట్టి ఇలా పక్కకు పోతుంది. అదే సమయంలో ధర తగ్గింపు పెడితే మాత్రం ఈ శ్రమంతా వృథా, ఏది ఏ పని చేసిందో తెలియదు.

మీరు పబ్‌కు పంపిన పెట్టెలను లెక్కపెట్టడం పొరపాటు. ప్రచారం మొదలైందని పబ్ యజమాని ఎక్కువ సరుకు తెప్పించుకుని నిల్వ చేసి ఉండవచ్చు. కౌంటర్ మీద అమ్మిన గ్లాసుల లెక్క కావాలి, అందుకు యజమాని సహకారం కావాలి. దానితోపాటు చాలామంది చేయని ఒక చిన్న పని చేయండి. మూడు నెలల తర్వాత ముందుగా చెప్పకుండా ఆ పబ్‌లకు వెళ్లి, మీరిచ్చిన వాటిలో ఏవి ఇంకా వాడుకలో ఉన్నాయో లెక్కపెట్టండి. వచ్చే సీజన్‌లో ఏ వస్తువు కొనాలో ఆ లెక్కే చెబుతుంది. సామగ్రి మాయమైన చోట బార్‌టెండర్‌ను అడిగితే కారణం మొహం మీదే చెబుతాడు, మీ అధికారుల ముందు పెట్టే అంకెల పక్కన ఆ మాటను కూడా రాయండి.

ప్రశ్న: గ్లాసుల మీద కూడా లోగో వేయించాలనుకుంటున్నాము. నురగ నిలిచే గ్లాసులంటూ ఒకరు చెబుతున్నారు. అందులో నిజముందా?

జవాబు: ఉంది. గ్లాసు అడుగున లోపలివైపు లేజర్‌తో గరుకు గీతలు చెక్కితే, బీరులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఆ గరుకు చోట బుడగలుగా మారి ఎడతెగకుండా పైకి లేస్తుంది, నురగ ఎక్కువసేపు తాజాగా కనిపిస్తుంది. ఆ చెక్కేదేదో మీ గుర్తు ఆకారంలోనే చెక్కించుకోవచ్చు. అయితే గ్లాసు సరిగా కడగకపోతే, నూనె జిడ్డో సబ్బో మిగిలితే, ఏ చెక్కుడూ నురగను కాపాడలేదు. కాబట్టి ఈ గ్లాసులు ఇచ్చేటప్పుడు ఎలా కడగాలో కూడా పబ్ సిబ్బందికి చూపించి రండి.